మామ గీటురాయి మీద మచ్చు గీత

మొన్న మా ఆవిడ పాత బంగారు గాజులు మార్చడానికి ప్రొద్దుటూరులో మా మామ కొడుకు అంగడికి వెళ్లాము. అతను గాజును ఒక చిన్న యంత్రంలో పెట్టి మూత వేశాడు. నిమిషం తిరక్కుండానే బంగారమెంత, రాగి ఎంత, వెండి ఎంత అని తెర మీద అంకెలు వచ్చేశాయి. ఆవిడ తృప్తిగా తలూపింది. నా కళ్లు మాత్రం గల్లాపెట్టె పక్కన మామ బంగారం గీసి చూసే గీటురాయి కోసం వెదికాయి. ఫ్యాను గాలికి రసీదులు ఎగిరిపోకుండా దాన్ని వాటి మీద బరువుగా పెట్టుకున్నారు. చేయి వణుకు వచ్చాక మామ అంగడికి రావడం మానేశాడు. ఆ రాయిని చూడగానే నా పరిశోధన మూడో ఏటి వేసవి మొత్తం కళ్లముందు నిలిచింది.

నీళ్లకు కటకటలాడిన ప్రయోగశాలల్లో చదివిన మా తరం వాళ్లకు ఆ వేసవి ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. కర్నూలులో మా ల్యాబు రెండో అంతస్తులో ఉండేది. ఒక మందు మన కణాల పైపొరను తాకినప్పుడు ఆ పొరకు ఏమవుతుందో చూడటం నా పని. అసలు కణాల జోలికి పోకుండా, ఆ పొరలో ఉండే కొవ్వుతోనే పలచని తొడుగు చేసి, కంటికి కనబడనంత చిన్న బంగారు రేణువులకు తొడిగేవాణ్ణి. అంత చిన్నవైతే బంగారం పసుపుగా ఉండదు, నీళ్లలో దానిమ్మరసంలా ఎర్రగా ఉంటుంది. తొడుగు చెక్కుచెదరకపోతే ఎరుపు నిలుస్తుంది, తొడుగు చెడితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని నీళ్లు నీలంగా మారతాయి. రోజూ పన్నెండు గాజు గొట్టాలు వరసగా పెట్టి, దేనిలో ఏది ఎంత పోశానో, ఎన్ని నిమిషాలకు రంగు మారిందో రాసుకోవడం నాకు పూజతో సమానం.

నా జాబితాలోని మందుల్లో ఒకటి మా అవ్వ మోకాళ్ల నొప్పులకు ఏళ్లుగా మింగుతున్నదే. మా అమ్మను కన్న ఆ అవ్వ ప్రొద్దుటూరులో మామ దగ్గరే ఉండేది. ఆ మందు కలిపిన ఆరు గొట్టాలూ పావుగంటలో నీలమైపోయాయి, కలపని ఆరూ ఎర్రగానే ఉన్నాయి. మూడు రోజులు చేసినా అంతే. గాజు గొట్టం మనిషి కాదని, తొందరపడి ఎవరికీ ఏమీ చెప్పవద్దని మా గురువుగారు హెచ్చరించారు. అయినా శనివారం నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా బస్సులో వెళ్లి, ఆ మాత్ర కణాల పొరను చీలుస్తోందని, ఇక ముట్టవద్దని అవ్వతో చెప్పాను. ఆమె దిండు కింది నుంచి మాత్రల అట్ట తీసి నా చేతిలో పెట్టింది. "చదువుకున్నోడివి, నువ్వు చెప్తే సరే నాయనా" అంది.

పద్దెనిమిది రోజుల తర్వాత మళ్లీ వెళ్లేసరికి అవ్వ మంచం దిగలేకపోతోంది. పొద్దున్నే మామ ఆమెను చంకల కింద పట్టి లేపి, గోడ వెంట నడిపించి, ఆ తర్వాతే అంగడి తీస్తున్నాడు. నాతో ముభావంగా ఉన్నాడు. మళ్లీ మాత్ర ఇద్దామంటే విషం ఇచ్చినట్టని నా భయం, ఇవ్వకపోతే ఆమె బాధ చూడలేను. నా మాట నిజమని చూపించడానికి దూదిలో చుట్టి తెచ్చిన రెండు ఎర్ర గొట్టాలూ ఒక నీలి గొట్టమూ అంగట్లో మామ ముందు పెట్టాను.

ఎర్ర గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇది బంగారమని అమ్మబోతే నన్ను బజార్లో తంతారు అల్లుడా" అన్నాడు. ఆ తర్వాత ఎర్రదాంట్లో ఏం పోశావు, నీలందాంట్లో ఏం పోశావు అని తరచి తరచి అడిగాడు. నేను జాబితా అప్పజెప్పాను. నీళ్లు మరిగించి శుద్ధిచేసే మా పరికరంలో ఆవిరిని చల్లార్చడానికి కొళాయి నీళ్లు ఆగకుండా పారాలి. మూడు రోజులకొకసారి వచ్చే కొళాయితో అది నడవదు. అందుకే ఉన్న కాసిని శుద్ధజలాన్నీ బంగారానికే దాచి, మందును మాత్రం తాగడానికి కొనే క్యాను నీళ్లలో కరిగించాను. అవీ వడగట్టినవే కదా అనుకున్నాను.

మామ గీటురాయి తీసి, నాణ్యత ముందే తెలిసిన మచ్చు బంగారంతో ఒక గీత గీశాడు. దాని పక్కన గిరాకీ ఇచ్చిపోయిన ఉంగరంతో ఇంకొకటి గీసి, రెండింటి మీదా కల్తీని కరిగించే ద్రావకం అద్దాడు.

"మచ్చు మీద ఒక ద్రావకం, సొమ్ము మీద ఇంకో ద్రావకం పోస్తానా నేను? మందు ల్యాకుండా ఒట్టి క్యాను నీళ్లు పోసి చూసినావా?"

చూడలేదు. మూడేళ్లుగా జాబితాలు రాసిన నాకు ఆ ఒక్క గొట్టం తట్టలేదు. అంగట్లోనే ఉన్న క్యాను నుంచి కొద్దిగా నీళ్లు ఒంచి, ఒక ఎర్ర గొట్టంలో పోశాను. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాము. ఎరుపు ముందు నేరేడు రంగుకు తిరిగింది, తర్వాత నీలమైంది. రుచి కోసం క్యాను నీళ్లలో బోరు నీళ్లు కలుపుతారని మామే చెప్పాడు. తొడుగును చెడగొట్టింది ఆ నీళ్లలోని సున్నం, ఉప్పు. సిగ్గుపడాల్సిన వేళ నాకు నవ్వొచ్చింది, గుండె మీది రాయి ఎవరో ఎత్తేసినట్టయింది.

మర్నాడే కర్నూలు వెళ్లి, గురువుగారు ఇంకో ల్యాబు నుంచి ఇప్పించిన శుద్ధజలంతో పన్నెండు గొట్టాలూ మళ్లీ పెట్టాను. నేను వాడిన మోతాదులో పన్నెండూ ఎర్రగానే నిలిచాయి. ఈసారి మామ అవ్వను ఆమె డాక్టరు దగ్గరికే తీసుకుపోయాడు. ఆయన మామ నోట నా కథంతా విని, గొట్టాలను నమ్మి మందు మాన్పించినందుకు నన్ను నాలుగు తిట్టి, పాత మాత్రే మళ్లీ రాశాడు. ఫోనులో అవ్వకు క్షమాపణ చెప్పుకోబోతే ఆమె అడ్డుకుంది. "పాపం, ఆ మాత్రను ఊరికే ఆడిపోసుకుంటిమి కదప్పా" అంది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత ఆరేళ్లు అవ్వ తన కాళ్ల మీద తానే నడిచింది. ఇప్పుడు నా విద్యార్థులకు మీట నొక్కితే శుద్ధజలం వస్తుంది, రంగును కూడా యంత్రమే చదువుతుంది. వాళ్ల జాబితాలో మొదటి గొట్టం "అదే నీళ్లు, మందు లేకుండా". నేను రాయమంటాను కాబట్టి రాస్తారు. మొన్న అంగట్లో, పొద్దున్నే ఆ యంత్రానికి ముందుగా మచ్చు బంగారం చూపిస్తావా అని మామ కొడుకును అడిగాను. అదంతా కంపెనీ వాళ్లు ఏడాదికొకసారి వచ్చి చూసుకుంటారన్నాడు. రసీదులను ఒక చేత్తో అదిమిపట్టి రాయిని తీసి చూశాను. శుభ్రంగా తుడిచి ఉంది, దాని మీద ఒక్క గీతా లేదు.