అప్పారావోయి అనే సాలీడు

మొన్న ఆదివారం నా పరువు ఎలమంచిలిలో వదిలేసి వచ్చేను, వినండి!

కాలేజీలో జువాలజీ చెప్పుకుంటూ, సెలవొత్తే చెరుకు తోటల్లో సాలీళ్ల వెంట పడతాను కదా? ఈమధ్య ఒకటి దొరికింది. ఏ పుస్తకంలోనూ లేదు. కొత్త జాతే! పది రోజులు రాత్రీ పగలూ కూర్చుని ఇంగ్లిష్‌లో పేపర్ రాసేను. జర్నల్‌కి పంపే ముందు తెలిసినోళ్లు ఎవరైనా చూడాలి. మా కాలేజీలో చేసి రిటైరైన అప్పారావు మాస్టారు సాలీళ్లలో ఉద్దండుడు. కానీ మనిషి మహా చిరాకు. ఏటి చెయ్యాలి? కాకా పట్టాలి! సాలీడుకి ఆయన పేరే పెట్టేసేను. లాటిన్ రూలు ప్రకారం చివర్న 'ఇ' తగిలించాలి. అప్పారావోయి!

పేపరూ, ప్లాస్టిక్ డబ్బాలో ప్రాణంతో ఉన్న సాలీడూ పట్టుకుని ఎలమంచిలిలో వాళ్లింటికెళ్లేను. మాస్టారు కళ్లజోడు వెతుక్కుంటుంటే వాళ్లావిడ, మేడంగారు, కాగితాలు అందుకున్నారు.

"అప్పారావోయి... ఏటి బాబూ, ఈ వయసులో ఆయన్ని ఓయ్ అంటావా?"

"అబ్బే, లాటిన్ మేడం! గౌరవం!"

మాస్టారి మొహం వెలిగిపోయింది. "నా పేరెట్టేడే! చదువు, చదువు."

ఆవిడ తెలుగు చేసుకుంటూ మరీ చదివేరు. "పొట్ట ఉబ్బెత్తు. నెత్తి నున్నగా. కాళ్లు పుల్లల్లా ఉంటాయి. రోజంతా ఒక్క మూలనే కూర్చుంటుంది. చిన్న అలికిడైనా వణికిపోతుంది."

ఆగేరు. మొగుడి వైపోసారి చూసేరు. "బాగానే గమనించేవు బాబూ."

నాకు చెమట్లు! రాసినప్పుడు నేను చూసింది సాలీడునేనండీ బాబూ!

మాస్టారు డబ్బా లాక్కుని లెన్స్ పెట్టేరు. పది నిమిషాలు చూసేరు.

"ఇలాంటివి ఎన్ని దొరికేయి?"

"ఇదొక్కటేనండి."

"ఇది పిల్లయ్యా! మన గోడల మీద తిరిగే మామూలు సాలీడు పిల్ల. ఎదిగితే రంగు మారుద్ది, మచ్చలొత్తాయి. పిల్లని చూసి కొత్త జాతని ఎవడైనా రాత్తాడా? అసలు నిన్ను లెక్చరర్‌గా ఎవడు తీసుకున్నాడయ్యా?"

"ఇంటర్వ్యూలో మీరే కూర్చున్నారండి."

మేడంగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయేరు. మాస్టారు ఎర్ర పెన్ను తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అడ్డంగా కొట్టేసేరు. టీ కూడా ఇవ్వలేదు!

అనకాపల్లిలో ఇంటికొచ్చేక మా ఆవిడ గుమ్మంలోనే అడిగింది, "మాస్టారేమన్నారు?"

"ఇంకా ఎదగాలన్నారు."

"సాలీడా?"

"కాదు. అది నెలలో ఎదిగిపోద్దట."