గుండిగ మీద నానమ్మ పేరు

వనరుల పొదుపు మీద వ్యాసం రాసి మొదటి బహుమతి తెచ్చుకున్న రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎనభైల మొదట్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. కాజీపేట దగ్గర మా బడికి ఒక హాస్టలు ఉండేది. అది పెట్టిన కొత్తలో వంటకు గిన్నెలు లేవంటే చుట్టుపక్కల వాళ్ళే ఇంటికొక ఇత్తడి పాత్ర ఇచ్చారు. ఇచ్చినవాళ్ళ పేరు అంచు మీద చెక్కించడం మా దగ్గర ఆనవాయితీ. నానమ్మ తన పెళ్ళినాటి గుండిగ ఇచ్చింది. ఆమె పోయాక ఆమె పేరున్న వస్తువు అదొక్కటే మిగిలింది, ఫోటో కూడా లేదు. హాస్టల్లో వంటసాయానికి వెళ్ళినప్పుడల్లా అమ్మ ఆ గుండిగను ఇంకొకరి చేతికి ఇవ్వకుండా తనే తోమేది.

ఇత్తడిలో పులుసు కాస్తే చిలుమెక్కి విషమవుతుంది. అందుకే లోపల తగరంతో కళాయి పూయించాలి. ఆ తగరం పరాయి దేశం నుంచి ఓడల మీద రావాలి, ధరేమో మండిపోతోంది. తగరం ఎక్కడ దొరుకునని అడిగితే మలేషియా అని బట్టీపట్టిన జవాబు గడగడా చెప్పేవాళ్ళం. అక్కడ ధర పెరిగితే ఇక్కడ మా గుండిగకు ఏం మూడుతుందో మాత్రం ఏ సారూ చెప్పలేదు. పరీక్షలో రాదు కదా మరి!

బహుమతుల రోజు వేదికెక్కి నా వ్యాసం గొంతు చించుకుని చదివాను. "పాత వస్తువులను పారేయకుండా బాగుచేసి వాడుకోవాలి" అనగానే చప్పట్లు. అప్పుడే హాస్టలు వెనక నుంచి సమ్మెట దెబ్బలు. నేను బహుమతిగా ఇచ్చిన స్టీలు పళ్ళెం పుచ్చుకుని దిగేసరికి, ఆ చప్పుడేమిటో చూద్దామని సభలోంచి లేచి వెళ్ళిన అమ్మ కేక వినిపించింది. పరుగెత్తాను. పాత సామాన్ల వ్యాపారి ఇత్తడి పాత్రలన్నీ పగలగొట్టి బస్తాల్లో కుక్కుతున్నాడు. గుండిగ అప్పటికే ముక్కలైంది.

"మా అత్త ఇచ్చింది సారూ ఇది! ఒక్క మాట చెప్తే మేమే తీస్కపోదుము గద!" అంది అమ్మ, వెనకే వచ్చిన హెడ్మాస్టరుతో.

ఆయన విసుక్కున్నారు. "కళాయికి పైసలు యాడికెల్లి తేవాలమ్మా? అల్యూమినియమైతే ఆ ఫికరు లేదు. ఇదేం వేస్టుగాదు, ఉత్తరాదికి పోయి పూలకూజాలైతది, ఫారిన్‌కు ఎగుమతైతది. దేశానికే లాభం."

ఎంత తేలిగ్గా అన్నారో! తరాల తరబడి అన్నం వండే పాత్రను పగలగొట్టి, ఎక్కడో ఎవరో బల్ల మీద పెట్టుకునే కూజా చేయిస్తే లాభమట. అదీ నాచేత ఆ వ్యాసం చదివించిన రోజునే. సిగ్గులేని చదువు.

అమ్మ ఆయన్ను వదిలి వ్యాపారి వైపు తిరిగింది. పేరున్న ముక్క కోసం బస్తాలో చెయ్యి పెట్టి వెతికింది. వ్యాపారి అడ్డుపడ్డాడు.

"తూకం అయిపోయిందక్కా. తగ్గితే నాకు నష్టం."

అమ్మ నా చేతిలోని పళ్ళెం లాక్కుని అతని తక్కెట్లో వేసింది. "ఇది తీస్కో. మా అత్త పేరు నాకియ్యి."

అతను ఆ ముక్క వెతికి ఇచ్చేశాడు. అమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటిదారి పట్టింది.

బహుమతిని అవమానించామని మర్నాడు హెడ్మాస్టరు నన్ను క్లాసు బయట నిలబెట్టారు. లోపల ఖనిజ సంపద పాఠం జరుగుతోంది.