పిన్ని కిటికీ ముందు మందారం

మా కింది వాటాలో ఉండే పిన్ని బట్టలు కుడుతుంది. ఆవిడ మిషను పడమటి కిటికీ దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో కూడా నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టగలుగుతోందంటే అది ఎండ కళ్లలో కొట్టకుండా కిటికీకి అడ్డున్న మందారం చలవే. ఆ మందారానికి పిండిపురుగు పట్టింది. కొమ్మలన్నీ దూది అంటించినట్టు తెల్లగా అయిపోయాయి.

ఇల్లుగలాయన ముక్కు చిట్లించాడు. "కొట్టించేస్తానమ్మా. గోడంతా చీమలు!"

"ఆదివారం దాకా నాకు వదిలెయ్యండి అన్నయ్యగారూ."

సూదిలో దారం ఎక్కించుకునే భూతద్దం పట్టుకుని పిన్ని చెట్టు దగ్గర నిలబడిపోయింది. పువ్వే లేని కొమ్మ మీద చీమలకేం పని అని ఆవిడ సందేహం.

"ఇలా రావే అమ్మడూ, చీమలు పాలు పితుకుతున్నాయి!" అని నన్ను కేకేసింది.

నిజమే. చీమ మీసాలతో తట్టగానే పిండిపురుగు ఒక తియ్యటి చుక్క వదులుతోంది. దగ్గరికొచ్చిన వేరే పురుగుల్ని చీమలు తరిమేస్తున్నాయి.

"కాపలా కాసి జీతం పుచ్చుకుంటున్నాయన్నమాట. వీటి ఉద్యోగం ఊడగొడితే?"

లైనింగు పీలికకి వాజిలైను దట్టంగా పూసి మొదలుకి చుట్టింది. గోడకి తగిలే కొమ్మని దారంతో వెనక్కి కట్టి, పైనున్న చీమల్ని దులిపేసింది. కిందివి పీలిక దాకా వచ్చి, కాసేపు తచ్చాడి, దిగిపోయాయి.

తర్వాత ఒంటినిండా కుచ్చులున్న పెద్ద తెల్లపురుగులు కనబడ్డాయి.

"మీ దుంపతెగ, ఎంత బలిశారే!" అంటూ పిన్ని పాత బ్రష్షుతో వాటిని ఏరి సబ్బునీళ్లలో పడేసింది. సగం పైగా ఏరాక, బ్రష్షుకి వేలాడుతున్నదాన్ని భూతద్దంలో చూసి ఆగిపోయింది. దాని నోట్లో పిండిపురుగు ఉంది.

ఇద్దరం నా పురుగుల పుస్తకంలో వెతికాం. అది అక్షింతల పురుగు, అంటే లేడీబర్డ్, పిల్ల. పిండిపురుగుల్ని తిని బతుకుతుంది. వేషం కూడా వాటిదే వేస్తుంది.

"సాయానికొచ్చినవాళ్లని నా చేత్తోనే ముంచేశానే!" పిన్ని ముఖం పాలిపోయింది. మిగిలినవి కొన్నే.

ఆదివారం ఇల్లుగలాయన కత్తి పట్టుకుని వచ్చాడు. "ఇంకా తెల్లగానే ఉందిగా?"

"ఈ కుచ్చులున్నవి పిండిపురుగుల్ని తినేవి అన్నయ్యగారూ."

"నాకు కథలు చెప్పకమ్మా."

పిన్ని ఆయన చేతిలోంచి కత్తి తీసుకుని భూతద్దం పెట్టింది. ఆయన వంగాడు. చాలాసేపటిదాకా లేవలేదు.

"నమిలేస్తోంది!" అన్నాడు. "ఇది ఇన్నింటినీ తినగలదంటావా?"

"ఏమో. చూడాలి."

"కొట్టడం సంగతి తర్వాత చూద్దాం. రేపు నేనొచ్చేదాకా ఆ కొమ్మ కదపకు."