గ్యారేజీలో దగ్గని మనిషి

సిగరెట్ మానేశానని చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. సిగరెట్ మానేసిన మాట వాస్తవమే కానీ, దాని బదులు నా జేబులోకి పెన్నులాంటి ఈ-సిగరెట్ ఒకటి చేరిందన్న సంగతి మింగేశాను. "పదిహేనేళ్ళ బానిసత్వం నుంచి ప్రభువు నన్ను విడిపించాడు" అన్నాక తెలుగు సంఘమంతా ఆమేన్ అంది. అంతమంది ఆమేన్ అన్నాక సవరణలు చెప్పే ధైర్యం నాకు లేదు. తేలు కుట్టిన దొంగలా వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

ఆ సాక్ష్యం గురించి అమ్మకి ఫోన్‌లో చెప్పాను. నాన్న సిగరెట్లు కాల్చీ కాల్చీ, దగ్గీ దగ్గీ పోయారు. ఆఖరి రెండేళ్ళూ ఆయన ఏ గదిలో ఉన్నారో దగ్గుని బట్టే తెలిసేది. నేను మానేశానని వినగానే అమ్మ చాలాసేపు ఏడ్చింది. ఆమెకి నా మాట మీద కొంత అనుమానం ఉన్నా, చర్చిలో చెప్పిన మాట మీద అస్సలు లేదు.

ఆ పెన్ను నన్ను రెండేళ్ళు కాపాడింది. దానికి చప్పుడు లేదు, వెలుగు లేదు, పొగ కూడా గుప్పెడే. 2014 చలికాలంలో ఒకరోజు చార్జింగ్ ఎక్కడం మానేసింది. షామ్‌బర్గ్‌లో మా ఇంటికి దగ్గరున్న, ఈ-సిగరెట్లు అమ్మే వేప్ షాప్‌కి పట్టుకెళ్ళాను. నెరిసిన గడ్డం ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ మోడల్ తయారీ కంపెనీవాళ్ళు ఆపేశారని, ఇక ఎక్కడా దొరకదని చెప్పాడు. నాకు నిజంగా భయమేసింది. పక్కనే సిగరెట్లు కూడా అమ్మే గ్యాస్ స్టేషన్ ఉంది. వట్టి చేతులతో బయటికొస్తే నా కాళ్ళు ఎటు వెళ్తాయో నాకు తెలుసు.

అతను ఒక్కొక్కటే తీసి చూపించాడు. ఒకటి టార్చిలైటంత ఉంది. ఇంకోటి పీల్చినప్పుడల్లా గ్లాసు అడుగున స్ట్రాతో జుర్రినట్టు గురగురలాడింది. మూడోది చేతిలో బాగా ఇమిడింది. కాకపోతే బటన్ నొక్కగానే కొసన ఎర్రలైటు వెలిగేది, పొగ దట్టంగా వచ్చేది. దాచుకోవాల్సినవాడికి అది పనికిరాదని కళ్ళు చెబుతూనే ఉన్నాయి. కానీ గొంతులో దిగిన ఆ మంట, కాలేజీలో కాల్చిన మొదటి సిగరెట్‌దే. అదే కొన్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఏమిటో తర్వాత తెలిసింది.

ఆ నెలలోనే అమ్మ ఊరి నుంచి విమానమెక్కి మా దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. మా గ్యారేజీ ఇంటికి అంటుకుని ఉండదు. వెనకాల, పెరడు దాటాక ఉంటుంది. దాని చిన్న కిటికీ సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురు. ఆఫీస్ నుంచి వచ్చి, వెనక సందులోంచి కార్ లోపల పెట్టి, లైటు వేయకుండా పది నిమిషాలు అక్కడే నిలబడి నా పని కానిచ్చేవాణ్ణి. తర్వాత చూయింగ్ గమ్ నములుతూ ఇంట్లోకి వచ్చేవాణ్ణి.

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం వచ్చేసరికి అమ్మ స్వెట్టర్ కూడా లేకుండా వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. పక్కన గట్టు మీద రెండు కప్పుల టీ చల్లారిపోయి ఉన్నాయి.

"రెండోది ఎవరికమ్మా?"

"పాస్టర్ గారికి చెప్పనని మాటివ్వు, చెప్తాను."

ఇచ్చాను.

"మీ నాన్నగారొస్తున్నారురా. ఆ గ్యారేజీలోకి. చీకట్లో నిలబడి కాల్చుకుంటున్నారు. ముందు ఎర్రగా నిప్పు, తర్వాత పొగ. ఎడం చెయ్యి నడుం మీద పెట్టుకుంటారు చూడు, అచ్చం అలాగే."

నా ఎడం చెయ్యి అప్పుడూ నడుం మీదే ఉంది. తీసేశాను.

"ఇంకెవరో అయ్యుండొచ్చుగా" అన్నాను.

"ఇంకెవరుంటారు? నువ్వు మానేశావు కదా" అంది, చాలా మామూలుగా. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కసారి కూడా దగ్గట్లేదురా. దేవుడు బాగుచేశాడు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె మొహంలో ఆ వెలుగు చూశాక, చల్లారిన టీ కప్పులు తీసి సింకులో పెట్టాను. అంత పిరికివాణ్ణి నేను.

మర్నాటి నుంచి గ్యారేజీలో కాల్చడం మానేసి, ఆఫీస్ పార్కింగ్ లాట్‌లోనే కానిచ్చి వచ్చాను. దాంతో పోతుందనుకున్నాను. మూడోరోజు వచ్చేసరికి అమ్మ వెనక తలుపు తీసి, హవాయి చెప్పులతో మంచులో, గ్యారేజీ తలుపు ముందు నిలబడి ఉంది. చేతిలో టీ కప్పు, రెండ్రోజులుగా సాయంత్రాలు కనపడని ఆయన కోసం. పెదాలు నీలంగా ఉన్నాయి. షుగరు, బీపీ ఉన్న మనిషి. ఆ మంచు మీద జారిపడితే? నేను రాకముందే పడిపోతే? నా చర్చి సాక్ష్యం అమ్మ ప్రాణం మీదికి వచ్చింది.

"మీరు చెప్తారా, నేను చెప్పనా?" అంది, నా జేబులో సంగతి మొదట్నుంచీ తెలిసిన మా ఆవిడ.

ఆ ఆదివారం భోజనాలయ్యాక ఆ పరికరాన్ని టేబుల్ మీద పెట్టి అంతా చెప్పేశాను. సాక్ష్యం సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. అమ్మ దాన్ని తీసుకుని బటన్ నొక్కింది. కొసన ఎర్రలైటు వెలిగింది. అది ఆరిపోయేదాకా చూసింది.

"సాయంత్రాలు కనపడింది ఇదేనన్నమాట."

"అవునమ్మా. నన్ను క్షమించు."

"మరి పొద్దున పదింటికి వచ్చేది?"

మా ఆవిడా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. పదింటికి ఇద్దరం ఆఫీసుల్లో ఉంటాం. ఆ పరికరం నా జేబులో ఉంటుంది. గ్యారేజీకి తాళం ఉంటుంది.

"పొద్దునపూట ఏం కనపడుతుందమ్మా?"

"నిప్పుండదు. పొగొక్కటే. కిటికీకి లోపలివైపు."

అమ్మ పరికరాన్ని నావైపు నెట్టింది.

"ఇది కూడా మానెయ్ నాన్నా. మళ్ళీ చర్చిలో నిలబడి ఈసారి సరిగ్గా చెప్పు. ఆయన సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. ప్రార్థన పెట్టి వెళ్ళగొట్టేస్తారు."

అమ్మ వెళ్ళేలోపు మానేశాను. నానా యాతనా పడి మానేశాను. రెండోసారి సాక్ష్యం చెప్పినప్పుడు ఆమేన్‌లు తక్కువే వచ్చాయి, అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అమ్మ ఊరెళ్ళిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా అందరినీ అడిగాక, చివర్లో "గ్యారేజీ ఎలా ఉంది?" అని అడుగుతుంది. బాగానే ఉందమ్మా అంటాను.

ఇంటి నుంచి పని చేసే రోజుల్లో పది గంటలకి వంటింటి కిటికీ దగ్గరికి పోను. అక్కడేమీ లేకపోతే చూడలేను, ఉన్నా చూడలేను. కానీ ఎప్పుడు గ్యారేజీకి వెళ్ళినా, పెద్దవాళ్ళున్న గదిలోకి వెళ్ళేటప్పుడు చేసినట్టు, తలుపు బయట ఆగి ఒకసారి గొంతు సవరించుకుంటాను. కాసేపు వింటాను. లోపల్నుంచి దగ్గు వినపడదు. అప్పుడు తలుపు తీస్తాను. లైటు మాత్రం వేయను.