చంకలో పుట్టిన చప్పుడు

ఏడేళ్ళుగా ఒక చావును మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇది చదివే మీకు చెబుతున్నాను. మధ్యలో నవ్వొస్తే ఆపుకోవద్దు. అప్పుడు నేనూ ఆపుకోలేదు.

పంతొమ్మిది వందల అరవైలో, మామిడికాయల కాలం. మాది కెలమంగలం దగ్గర పల్లె. బావి నీళ్ళ వంతు దగ్గర దాయాది ఒకడు కొడవలితో మా బావ పొట్ట చీల్చాడు. బయటపడ్డ పేగులను తువాలుతో అదిమిపట్టి, అక్కా నేనూ కాయల లారీలో కృష్ణగిరిలో ఒక ఆసుపత్రికి చేర్చాం. డాక్టరు తెగిన పేగు కుట్టి ఒకటే చెప్పాడు: కింది నుంచి గాలి పోయేదాకా చుక్క నీళ్ళు కూడా పొయ్యకూడదు. గాలి పోతేనే పేగు కదిలినట్టు లెక్క.

పదిమంది మీదపడినా బెదరని మనిషి బావ. ఇప్పుడు వార్డంతా ఆయన పిత్తు కోసం కాచుకుని ఉంది. నర్సమ్మ పొద్దునా సాయంత్రం వచ్చి అడిగేది, కాగితంలో ‘లేదు’ అని రాసుకుపోయేది. మూడో రోజుకు బావ పెదవులు పగిలి నెత్తురు కారింది. నీళ్ళ కోసం నా చెంపలు వాయించాడు, ముక్కులో గొట్టం పీకేశాడు. చేతులు మంచానికి కట్టేశారు.

బావను ఎగతాళి చెయ్యడం బామ్మర్ది హక్కు. మా వైపు అది చావింట్లోనూ చెల్లుతుంది. నాలుగో పొద్దున, డాక్టరు హోసూరు పోయిన రోజు, చంకలో అరచెయ్యి పెట్టి మోచెయ్యి దబ్బున దించాను. అచ్చం అదే చప్పుడు. వార్డు గొల్లున నవ్వింది. గుమ్మంలో నర్సమ్మ.

“ఏమప్పా, నీదేనా?”

బావ నన్ను చూశాడు. “నాదేమ్మా. ఇప్పుడన్నా నీళ్ళియ్యి.”

ఆమె నా వైపు తిరిగింది. “నిజమేనా?”

“మంచం అదిరింది కదమ్మా, చూళ్ళేదా?” అన్నాను.

ఆమె రాసుకుని, గంజి పొయ్యమని వెళ్ళింది. “రేయ్, నోరు తెరిస్తే ఈడనే చంపేస్తా. నీళ్ళు తేరా,” అన్నాడు బావ.

తెచ్చాను. గంజీ నేనే పోశాను.

సాయంత్రానికి పొట్ట తప్పెటలా బిగిసింది. పచ్చటి వాంతి గోడ దాకా ఎగిరింది. వాంతి వాంతికీ కుట్లు తెగాయి. అక్క రెండు చేతులా కట్టును అదిమింది, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ఉబికింది. తెల్లారేసరికి బావ లేడు.

“గంజి పొయ్యమనింది నువ్వే! నా మొగుణ్ణి చంపేసినావే!” అని అక్క నర్సమ్మ జుట్టు పట్టి గోడకేసి కొట్టింది. నేనే విడిపించాను. విడిపించేవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? నర్సమ్మ ఉద్యోగం పోయింది.

గంజి పొయ్యకపోయినా బావ పోయేవాడా? కావచ్చు. ఆ ‘కావచ్చు’ తింటూనే ఇన్నాళ్ళు బతికాను. బెదిరింపుకు భయపడ్డానా? చేతులు కట్టేసిన మనిషి నన్నేం చంపుతాడు? అది కాదు. అప్పటికి వార్డు ఇంకా నవ్వుతోంది. ఆ నవ్వును ఆపడానికి మనసు రాలేదు. అంతే.

క్షమించమని అడగను. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అక్కకు చదువు రాదు. మీలో ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తే, వద్దనను.