నత్తి లేని గొంతు

టొపాంగా కొండదారిలో ఎండుగాలి మొదలైందంటే కార్లన్నీ ముక్కు రోడ్డువైపు పెట్టి నిలబెడతారు. మంట ఏ లోయలోంచి లేస్తుందో ఎవరూ చెప్పలేరు; లేచాక కారు వెనక్కి తిప్పుకునే తీరిక ఉండదు. ఆ అక్టోబరు ఉదయం నడీన్ ఆర్కట్ కూడా తన పాత ట్రక్కును అలాగే నిలబెట్టి దుకాణం దగ్గరికి వచ్చింది. అప్పటికే సినిమావాళ్ళు గుమ్మంలో కాచుక్కూర్చున్నారు.

నడీన్ కుక్కలకు జుట్టు కత్తిరిస్తుంది. నిజానికి ఆమె నేర్చుకున్నది మనుషులకు కత్తిరించడం. బేకర్స్‌ఫీల్డ్ పక్కన చమురుబావుల ఊళ్ళో పుట్టి, పని నేర్చుకుని, కత్తెరలు సంచిలో వేసుకుని తమ్ముడి వెంట ఈ కొండకు వచ్చి చూస్తే ఏముంది, ఇక్కడ ఒక్క మగాడూ జుట్టు కత్తిరించుకోడు! అరవైల నాటి మాట అది. భుజాలు దాటిన జుట్టు, దాన్లో పూలు, పూలలో చీమలు. ఈ జనాన్ని నమ్ముకుంటే కడుపు మాడి చస్తానని ఆమె కుక్కల మీద పడింది. కుక్కలైతే కూర్చోబెడితే కూర్చుంటాయి, ప్రపంచశాంతి గురించి ఉపన్యాసాలు ఇవ్వవు. అప్పటినుంచి ఎనభై దాటిన ఈనాటివరకూ అదే దుకాణం, అదే బల్ల. పెళ్ళి ఒకటి జరిగింది, నిలవలేదు. దాని గురించి అడిగితే "వాడికంటే జులపాల కుక్క నయం" అని తేల్చేస్తుంది.

తమ్ముడి పేరు డెల్. పన్నెండు తీగల గిటారు వాయించేవాడు, పైగొంతు పాడేవాడు. నలుగురు కుర్రాళ్ళు కలిసి పెట్టిన ఆ బృందం పేరు పెప్పర్‌ట్రీ. పల్లెపాటలకు కరెంటు గిటార్లు తగిలించి ఓ మూడేళ్ళు దేశాన్ని ఊపేశారు. ముందు నిలబడి జనాన్ని నవ్వించేదీ, పేపర్లవాళ్ళకు కబుర్లు చెప్పేదీ గిల్ టారెంట్. డెల్ మాత్రం ఏ సభలోనూ, ఏ టీవీలోనూ నోరు విప్పి ఒక్క ముక్క మాట్లాడలేదు. పాడేవాడు, వెళ్ళిపోయేవాడు. అభిమానులు ఆ మౌనానికి ఎన్ని అర్థాలు తీశారో! యోగమన్నారు, వ్రతమన్నారు, ఎవరో పిల్ల గుండె పగలగొట్టిందన్నారు. నడీన్ అవన్నీ చదివి నవ్వుకునేది. యోగమూ లేదు, పాడూ లేదు. వాడికి నత్తి, అంతే.

పాటలో ఉండేది కాదు ఆ నత్తి. అందుకని ఇంట్లో ఉప్పు కావాలంటే రాగం తీసి అడిగేవాడు; అందరూ మామూలుగానే అందించేవాళ్ళు. కాని మనిషి పేరును రాగం తీసి పిలవడం వాడికి సిగ్గు. పేర్ల దగ్గరే చిక్కుకుపోయేవాడు, అక్క పేరు దగ్గర మరీను. "న... న... న..." అంటూ కళ్ళు మూసుకుని, గడ్డం కాస్త ఎడమకు తిప్పి, ఆఖరికి "నడీన్" అని బస్తా దించినట్టు దించేవాడు. వాళ్ళమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుండేది: డెల్ మాట డెల్లే పూర్తి చెయ్యాలి, పక్కనుంచి ఎవరూ అందించకూడదు. గిన్నెలో సూప్ చల్లారిపోయినా సరే, చెంచా పట్టుకుని ఆగాల్సిందే.

గిల్‌కు ఆ ఓపిక ఏనాడూ లేదు. డెల్ నోట సగం మాట ఉండగానే మిగతా సగం తనే పూర్తిచేసేవాడు. అక్కడితో ఆగినా బాగుండేది. అరవై ఎనిమిదిలో ఒక రేడియో కార్యక్రమంలో, ప్రసారం జరుగుతుండగా, అడిగినవాడి ప్రశ్నకు తను జవాబు చెప్పకుండా "ఇవాళ మా డెల్ చెబుతాడు" అని మైకు వాడి ముందుకు తోసేశాడు. సరదాకట! డెల్ నోరు తెరిచాడు. మాట రాలేదు. రేడియోలో జనానికి గాలి పీల్చిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అప్పుడు గిల్ పగలబడి నవ్వి, "మావాడి మాటలు విడిగా అమ్ముతాం లెండి" అన్నాడు. డెల్ గిటారు అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. ఆ వారం తిరగకుండానే కొండ మలుపులో అతని కారు లోయలో పడింది. బ్రేకులు పడలేదన్నారు పోలీసులు. నడీన్ వాళ్ళతో వాదించలేదు.

ఆ రేడియోవాళ్ళు కార్యక్రమాన్ని టేపు మీద దాచిపెట్టలేదు. పాటలు వేలకొద్దీ మంది ఇళ్ళలో ఉన్నాయి గాని, డెల్ మాట్లాడిన గొంతు ఈ భూమి మీద ఎక్కడా లేదు, నడీన్ తలలో తప్ప. రోజూ పొద్దున కాఫీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని ఆగేది. "న... న... నడీన్." విన్నాక లేచి పనిలో పడేది. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మానేసింది గాని ఇది మానలేదు. ఆమెకు మిగిలిన ఆస్తి ఇదే.

పెప్పర్‌ట్రీ చరిత్రను డాక్యుమెంటరీగా తీస్తున్న అమ్మాయి పేరు మారిసా కెల్. మెత్తని మనిషి. ఆ ఉదయం నడీన్‌ను దుకాణంలోనే కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడించింది. నడీన్ పాతబట్టల గురించి చెప్పింది, డొక్కు వ్యాను గురించి చెప్పింది, నత్తి గురించి మాత్రం చెప్పలేదు. అది ఇంటిగుట్టు. అయిపోయాక శబ్దం రికార్డు చేసే అతను చెయ్యెత్తి, "ఎవరూ కదలకండి, గది నిశ్శబ్దం తీసుకోవాలి" అన్నాడు. ఒక్కో గదికి ఒక్కో నిశ్శబ్దం ఉంటుందట. మాటల మధ్య అతకడానికి కావాలట. అందరూ కొయ్యల్లా నిలబడ్డారు. బయట గాలి యూకలిప్టస్ చెట్లను పీకుతోంది. ఆ నిశ్శబ్దంలో నడీన్‌కు తెలియకుండానే డెల్ పిలిచాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది మారిసా చూసింది.

"నడీన్ గారూ, మీకొకటి వినిపించాలి," అంది సామాన్లు సర్దుకుంటూ. "పాటల్లోంచి డెల్ గొంతు విడదీసి కంప్యూటర్‌కు నేర్పించాం. సినిమాలో ఆయనే మాట్లాడతారు. మీరు సరేనంటేనే. రేపు గిల్ గారింటికి రండి."

తనకు కలిగింది సంతోషమో భయమో నడీన్‌కే తెలియలేదు.

పక్కన గుర్రాల దాణా అమ్మే ఒలీటాకు మాత్రం తెలిసిపోయింది. ఇద్దరూ కలిసి ముసలివాళ్ళయిన స్నేహితులు.

"వెళ్ళకే. మా అత్త ఇలాగే ఆత్మల్ని పిలిచే దాని దగ్గరికి వెళ్ళి, చచ్చిన మొగుడితో మాట్లాడొచ్చింది. బతికుండగా నోరెత్తని మనిషి, అక్కడ గంటసేపు వాగాట్ట! ఆ తర్వాత ఆవిడ ఆయన గురించి చెబితే మాకు ఎవరో పరాయివాడి గురించి విన్నట్టుండేది."

"వినకుండా వద్దనడం ఎలాగే?"

"నోటితో. నీకుంది కదా, నా మీద వాడేది."

"పోవే," అంది నడీన్, నవ్వింది. కాని ఆ నవ్వులో తేడా ఒలీటాకు తగిలింది. చేతిలో గడ్డికట్ట కింద పెట్టేసింది.

"నడీన్, వాడు నీకున్నట్టే ఉండనీ. నా మాట విను."

వింటే కదా! మర్నాడు గాలి ఇంకా పెరిగింది. మంటల భయంతో కరెంటు తీసేస్తామని ఫోన్లకు హెచ్చరికలు వస్తున్నాయి. గిల్ ఇల్లు కొండ కొసన. గోడలంతా అద్దాలు, అద్దాలంతా ధూళి. గిల్ కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. ఒకప్పుడు వేదికలెక్కి గెంతిన మనిషి, ఇప్పుడు బట్టల్లో ఎముకలు. ఆమె వైపు చూసి వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

మారిసా హెడ్‌ఫోన్లు అందించింది. "మాటలు మేం కల్పించినవి కావు. పోయేముందు డెల్ ఫోన్ చేసి తనతో అన్నవని గిల్ గారు చెప్పారు. చివర్లో మీకోసం ఒక్క వాక్యం మాత్రం నేను పెట్టించాను. కానుక అనుకోండి."

ఫోన్ చేసి! టెలిఫోన్ మోగితే ఇంకో గదిలోకి పారిపోయే పిల్లాడు వాడు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. చెయ్యి మాత్రం హెడ్‌ఫోన్లు తీసి చెవులకు పెట్టుకుంది.

"గిల్," అన్నాడు డెల్.

డెల్లే. ఆ గరుకు, మాట చివర ఆ చిన్న విరుపు, బేకర్స్‌ఫీల్డ్ యాస, అన్నీ వాడివే. నడీన్ బల్ల అంచు పట్టుకుంది. "గిల్, నాకు నీ మీద కోపం లేదు. ఆ రోజు నువ్వు సరదాకే అన్నావని తెలుసు. మనం మంచి పాటలు చేశాం." గలగలమని, ఎక్కడా తట్టుకోకుండా, దుకాణంలో సామాను అమ్మేవాడు మాట్లాడినట్టు మాట్లాడాడు. కాస్త ఆగి, ఇంకా మెత్తగా అన్నాడు: "నడీన్, నువ్వు బెంగపెట్టుకోకు."

ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెను ఆ గొంతుతో పిలవలేదు. సిగ్గు లేని ప్రాణం, ఇంకోసారి విందామా అని కొట్టుకుంది. వేలు మీట మీదికి వెళ్ళింది కూడా. మళ్ళీ విన్నది. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు ఊడబెరికి బల్లమీద పడేసింది.

"మావాడికి నత్తి, అమ్మాయ్," అంది. ఆ మాట బయటివాళ్ళ ముందు అనడం అదే మొదటిసారి. "నా పేరు పలకడానికి వాడికి ప్రాణం మీదికొచ్చేది. ఫోన్ ముట్టుకునేవాడే కాదు. ఎవరికి చేశాడు ఫోను?"

మారిసా గిల్ వైపు తిరిగింది. గిల్ నేల చూస్తూ గొణిగాడు:

"వాడు ఇలా మాట్లాడగలిగి ఉంటే ఎంత సంతోషించేవాడో, నడీన్..."

నడీన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ రోజూ నీ సరదా కోసం వాడి చేత మాట్లాడించబోయావు. ఇవాళ నీ మనశ్శాంతి కోసం మాట్లాడించావు. వాడి మాట వాణ్ణి పూర్తి చెయ్యనివ్వవా? చచ్చాకైనా?"

ఒప్పుకోనని తేల్చి చెప్పి వచ్చేసింది. మారిసా గుమ్మందాకా వచ్చి, ఏడుస్తూ, అదంతా తీసేస్తానని మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా. సినిమాలో డెల్ పాడతాడు తప్ప మాట్లాడడు. "గెలిచావు కదే," అని ఒలీటా ఒక ఆపిల్ పై చేసి పట్టుకొచ్చింది. ఇద్దరూ గిన్నెలోంచే తిన్నారు.

కాని ఆ మర్నాటినుంచి నడీన్ కాఫీ నిలబడి తాగడం మొదలుపెట్టింది. కిటికీ దగ్గర కూర్చోలేదు. పనెక్కువగా ఉందనుకుంది. మరో రోజు పొగవాసన వస్తోందని బయటికి వెళ్ళి చూసింది. ఇంకో రోజు ఏ సాకూ దొరక్క, రేడియో పెద్దగా పెట్టుకుంది. కూర్చోవాలంటే భయం. తాళం వేసిన గదిలో సామాను ఉందో లేదో చూడటానికి జంకినట్టు జంకింది.

వానలు పడి, కార్లు మళ్ళీ ఇష్టం వచ్చినట్టు నిలబెట్టే రోజులు వచ్చాక, ఒక మధ్యాహ్నం గిల్ దుకాణానికి వచ్చాడు. కర్ర ఆనించి బెంచీ మీద కూర్చున్నాడు. నడీన్ బల్లమీద ఒక పూడుల్ కుక్క, సగం జుట్టు కత్తిరించి, నిలబడి ఉంది.

"తిట్టడానికైతే తిట్టు," అన్నాడు.

"కుక్క బెదురుతుంది. విషయం చెప్పు."

"వాళ్ళు మొదట తయారుచేసినప్పటినుంచీ ఆ గొంతు నేను ఏడాదిగా వింటున్నాను, నడీన్. రోజూ. సినిమావాళ్ళు తీసేసినా నా దగ్గరుంది. ఇప్పుడు వాడు కలలో కూడా అలాగే మాట్లాడుతున్నాడు. నిన్న రేడియో రోజు గుర్తుచేసుకున్నాను. నేను మైకు తోశాను. వాడు చక్కగా జవాబు చెప్పాడు. అందరం నవ్వుకున్నాం. అలా జరగలేదని నాకు తెలుసు. కాని అలాగే వినపడుతోంది. నేను చేసిన పాపం కూడా నాకు మిగలడం లేదు. ఒక్కసారి వాడిలా అను. నీకొక్కదానికే తెలుసు."

పొమ్మనాలనుకుంది. కాని అడిగింది గిల్ ఒక్కడే కాదని, తను కూడా అడుగుతోందని ఆమెకు తెలుసు. కత్తెర కింద పెట్టింది. కళ్ళు మూసుకుంది. గడ్డం ఎడమకు తిప్పింది.

"న... న... న..."

గిల్ ముఖం చిట్లించాడు. ఆమెకూ వినపడింది. అది డెల్ కాదు. బడి దారిలో డెల్ వెనకాల పడి వెక్కిరించిన పిల్లలు. వాళ్ళనే ఒకప్పుడు రాళ్ళతో తరిమింది తను.

"ఆగు," అంది. "ఆగు, వస్తాడు."

గదిలో చప్పుడు లేదు. కుక్క కూడా కదల్లేదు. వాళ్ళమ్మ నేర్పినట్టే, ఏమీ అందించకుండా, ఆ మాట కోసం కాచుకుంది. డెల్ ఆమెను ఆట్టే ఆగనివ్వలేదు.

"నడీన్," అన్నాడు ఆమె తలలో, ఎక్కడా తట్టుకోకుండా. "నువ్వు బెంగపెట్టుకోకు."