ఒకే లారీని ఇద్దరడిగితే: సాలూరులో ఒక పైథాన్ పూట

"అక్కా, సాయంత్రం ఓనర్లందరికీ నా ప్రోగ్రాం సూపించాల. జవాబులు ఒకరివి ఒకరికి పోతన్నాయి. ఇయ్యాల కుదరకపోతే బయట కంపెనీది కొనేస్తారట, నన్ను మానీమంటారట" అని పొద్దున్నే ఫోన్లో సంతోషి ఒకటే ఏడుపు. నా దగ్గర పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్న అమ్మాయి, సాలూరులో లారీ ఓనర్ల ఆఫీసులో పని చేస్తోంది. ఫోన్లోనే చూసి చెప్పొచ్చు కదా అని మీరనొచ్చు. ఏడ్చే మనిషిని చెవి దగ్గర పెట్టుకుని కోడ్‌లో తప్పు వెతకడం నా వల్ల కాదు బాబూ. బ్యాగులో ల్యాప్‌టాప్ పడేసి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వచ్చేశాను.

రాజాం, బొబ్బిలి మీదుగా కూడా వెళ్ళొచ్చు గానీ, అటు బస్సులు తక్కువ, నేను బస్సు కోసం పడిగాపులు కాసే రకం కాదు. ఏడింటికి విజయనగరం బస్సెక్కి, అక్కడ వేడివేడిగా ఇడ్లీ తిని, సాలూరు బస్సు పట్టుకున్నాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి ఎక్స్‌ప్రెస్‌లో కూడా టికెట్ ఖర్చు లేదు, కాబట్టి దారిలో నా ఖర్చల్లా ఇడ్లీలూ కాఫీయే. గజపతినగరం దాటి రామభద్రపురం వచ్చేసరికి కొండలు దగ్గరపడ్డాయి, ఎదురుగా ఒకటే లారీలు. పదకొండు కాకుండానే సాలూరులో దిగాను. ఇరవై రూపాయలకి ఆటో ఎక్కితే, డ్రైవరు దారిలో ఎవర్నో చూసి "ఒరే ముప్పైనాలుగు పదీ! బండి దిగినావేటి?" అని కేకేశాడు. అదేం పేరండీ అంటే, "ఆడి లారీ నంబరమ్మా. ఇక్కడ మనుసుల్ని అలాగే పిలుస్తాం. అసలు పేరు ఆళ్ళమ్మకి తెలుస్తాది" అన్నాడు. నవ్వుకున్నాను, అంతే.

ఆఫీసులో సంతోషి రాసినది చూడగానే నా మనసు నిండిపోయింది. ఒక కంప్యూటర్లో ఉన్న పనిని ఇంకో చోటి నుంచి పిలిచి చేయించుకోవడాన్ని రిమోట్ ప్రొసీజర్ కాల్ అంటారు. ఈమె ప్రోగ్రాం చేసేది అదే. ఓనర్లే కాదు, డ్రైవర్ల ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా ఫోన్లోనో ఆఫీసుకొచ్చో అడగొచ్చు. "ఈ లారీ ఎప్పుడు వస్తుంది?" అనో, "లోడు ఎన్ని టన్నులు?" అనో అడిగితే, ఆ ప్రశ్నని మూట కట్టి లారీలో ఉన్న ఫోనుకి పంపుతుంది. అక్కడి నుంచి వచ్చిన మూట విప్పి జవాబు చెబుతుంది. ఘాట్‌లో సిగ్నల్ పోతే మళ్ళీ పంపడం, సగంలో తెగిన మూటని పారేయడం, అన్నీ ఉన్నాయి. ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ (లైబ్రరీ అంటారు) తెచ్చుకోకుండా మొత్తం తనే రాసుకుంది. ఎంత ముచ్చటగా రాసిందో! కానీ తప్పు మాత్రం దొరకదే! నేను అడిగిన ప్రతిసారీ లక్షణంగా సరైన జవాబే వస్తోంది. మధ్యాహ్నం భోజనం కూడా సహించలేదు నాకు.

అప్పుడే రవణమ్మ అనే ఆవిడ ఆఫీసుకొచ్చింది. ఆవిడ భర్త డ్రైవరు. కూతురికి జ్వరమట, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఈయన ఎన్నింటికి వస్తాడో కావాలి. సంతోషి అడిగిన క్షణానే పక్క కంప్యూటర్లో గుమస్తా అదే లారీకి లోడెంతని అడిగాడు. సంతోషి తెర మీద "పదహారు" అని వచ్చింది.

"పదహారేటి? ఇంకా పదహారు గంటలేటి? రాతిరి దాటి తెల్లారిపోతాదేటి?" అంది రవణమ్మ బెంబేలెత్తిపోయి.

గుమస్తా గొణిగాడు, "నాకు మూడు టన్నులని వచ్చినాది. మూడేటి, ఆటోయా అది?"

ఆయన వచ్చేది మూడింటికి, లోడు పదహారు టన్నులు. జవాబులు తారుమారయ్యాయి! వెళ్ళే ప్రతి ప్రశ్నకీ ఒక గుర్తు ఉంటుంది, జవాబు ఆ గుర్తుతోనే తిరిగొస్తుంది. సంతోషి ఆ గుర్తుగా లారీ నంబరు పెట్టింది. ఒకే లారీని ఇద్దరు ఒకేసారి అడిగితే, ఏ జవాబు ఎవరిదో ప్రోగ్రాంకి తెలిసే దారి లేదు.

"లారీ నంబరెందుకు పెట్టావే తల్లీ?" అన్నాను.

"మరేటి పెట్టాల అక్కా? ఇక్కడ ఏదైనా దాని మీదే కదా ఉన్నాది!"

నిజమే. మనుషుల్నే ఆ నంబరుతో పిలిచే ఊళ్ళో ప్రశ్నని మాత్రం ఇంకోలా ఎందుకు పిలుస్తుంది? టిఫిన్ హోటల్లో టేబుల్‌కి కాదు, ప్లేటుకి టోకెన్ ఇస్తారు కదా, అలా ప్రశ్న ప్రశ్నకీ కొత్త నంబరు ఇమ్మన్నాను. చేతులు కట్టుకుని కూర్చున్నాను (నాకది ఎంత కష్టమో నా స్టూడెంట్లని అడగండి), తనే మార్చుకుంది.

సాయంత్రం ఓనర్లు వచ్చారు. సంఘం పెద్దాయన ఒకే లారీకి రెండు ఫోన్ల నుంచి ఒకేసారి అడిగించాడు. మళ్ళీ అడిగించాడు. ఎవరి జవాబు వాళ్ళకే వచ్చింది. అయినా ఆయన మొహం విప్పారలేదు. "బాగుంది గానీ పిల్లా, ఆ కంపెనీవోడిది ఓనర్లకే సెప్తాదట. నువ్వూ అలాగే సెయ్యి. ఇళ్ళల్లో ఆడోళ్ళు అడగడం తీసెయ్యి, ఉజ్జోగం నీకే" అన్నాడు.

 ఒప్పేసుకోవే అని లోపల్లోపలే అనుకున్నాను. పొద్దున్న ఫోన్లో ఏడ్చిన పిల్ల ఇప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కుదర్దు మావా. లారీ మీది. దాన్లో మనిషి ఆళ్ళది."

  ఆ మాట తగిలినట్టుంది, పెద్దాయన గుమస్తా వైపు తిరిగి, "ఆ కంపెనీవోడికి రావద్దని ఫోన్ సేసీ" అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ అమ్మాయి గురించే ఆలోచించాను. మూట కట్టడం, విప్పడం నేను నేర్పించాను. అది ఎవరి చేతికి చేరాలో తనకి ముందే తెలుసు. గర్వంగా అనిపించింది, చెప్పొద్దూ, కొంచెం కళ్ళు కూడా చెమర్చాయి. ఇలాంటి పని మీద సాలూరు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: మీ ప్రోగ్రాంని ఒంటరిగా కూర్చుని పరీక్షించకండి, ఇద్దర్ని కూర్చోబెట్టి ఒకే లారీ గురించి ఒకేసారి వేర్వేరు ప్రశ్నలు అడిగించండి. ఆ ఇద్దరిలో ఒకరు ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషైతే మరీ మంచిది.